ఎర్ర గీత

"ఆగండి. మీరు ప్రమాద వలయంలోకి వచ్చారు. దయచేసి రెండడుగులు వెనక్కి వేయండి."

పోయిన వర్షాకాలంలో ఒక మధ్యాహ్నమంతా ఈ మూడు వాక్యాలే చదివాను. కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాన్ ఆపేసిన గదిలో, చెమటలు కారుతుండగా మైకు ముందు నిలబడి. ఒకసారి కోపంగా ఉందన్నారు. ఇంకోసారి బతిమాలినట్టుందన్నారు. "రైల్వే స్టేషన్లో వినిపిస్తుంది కదా మేడమ్, అట్లా. ఏ ఫీలింగూ వద్దు" అన్నాడు రికార్డు చేస్తున్న కుర్రాడు. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, భావం లేకుండా చదవడం ఆ రోజే నేర్చుకున్నాను.

ఆడగొంతే ఎందుకని అడిగాను. "వినడానికి బాగుంటుంది మేడమ్" అన్నాడు. అతన్ని తప్పు పట్టలేం. ఫోన్‌లో దారి చూపేదీ, లిఫ్టులో అంతస్తు చెప్పేదీ ఎక్కువగా ఆడగొంతే కదా. జాగ్రత్తలు చెప్పడం ఇంట్లో ఎవరి పనో, యంత్రాల్లోనూ వాళ్ళ పనే అయింది.

నగర శివార్లలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్తాను. తులనాత్మక సాహిత్యంలో పరిశోధన చేసినవాళ్ళు చివరికి చేరే రేవుల్లో అదొకటి. పదకొండు నెలల కాంట్రాక్టు, ఒక నెల విరామం, మళ్ళీ పదకొండు నెలలు. అక్కడి సివిల్ విభాగం వాళ్ళు ఒక పని మొదలుపెట్టారు. నిర్మాణ స్థలంలో రోబోల దగ్గర ఎలా మసలుకోవాలో చివరి సంవత్సరం విద్యార్థులకు వర్చువల్ రియాలిటీలో నేర్పాలని. సన్నివేశాలు రాయడానికీ తెలుగు గొంతు ఇవ్వడానికీ 'లిటరేచర్ మేడమ్'ని పిలిచారు. దీనికి వేరే డబ్బేమీ లేదు, సర్టిఫికెట్ ఇస్తామన్నారు. ఇష్టం లేకుండా ఒప్పుకున్నానంటే అబద్ధమవుతుంది. ఆ హెడ్‌సెట్ పెట్టుకుని చూడాలని నాకూ కుతూహలంగానే ఉండింది.

కళ్ళకు ఆ డబ్బా తగిలించుకోగానే సగం కట్టిన మూడంతస్తుల భవనం ఎదురుగా నిలబడుతుంది. తల ఎత్తితే స్లాబు, దించితే ఇసుక. చేతుల్లో ఉన్న రెండు మీటలు అక్కడ మన చేతులవుతాయి. ఎదురుగా గొలుసు చక్రాల బండి మీద పొడవాటి ఇనుప చెయ్యి, ఇటుకలు తీసి వరస పేరుస్తూ ఉంటుంది. దాని చుట్టూ నేల మీద రెండు గీతలు. పసుపు గీత దాటితే రోబో నెమ్మదించాలి, ఎర్ర గీత దాటితే ఆగాలి. అది ఆగకపోతే ఎమర్జెన్సీ స్టాప్ ఎక్కడుందో వెతికి నొక్కాల్సింది విద్యార్థి. ఆలస్యమైతే ఆ చెయ్యి తిరిగి వచ్చి తగులుతుంది. నొప్పి ఉండదు. చేతిలో మీటలు వణుకుతాయి, కళ్ళ ముందు ఎర్రబారుతుంది, మార్కులు పోతాయి.

ఇదంతా వృథా వ్యవహారమని నేను అనుకోవడం లేదు. ఫ్యాక్టరీలో రోబో చుట్టూ కంచె వేసి తలుపుకి తాళం పెట్టొచ్చు. నిర్మాణ స్థలంలో నిన్న దారి ఉన్న చోట ఇవాళ గోడ ఉంటుంది, రేపు గుంత ఉంటుంది. కంచె ఎక్కడ వేస్తారు? పైగా కదలకుండా నిలబడ్డ రోబో ఆగిపోయిన రోబో కాదు, ఏదో సంకేతం కోసం చూస్తున్న రోబో కావచ్చు. ఈ తేడా పుస్తకంలో చదివితే ఒంటికి ఎక్కదు. 2021లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. గోడలు కూల్చే రోబోను దూరం నుంచి నడపడాన్ని కొందరికి హెడ్‌సెట్ పెట్టి, కొందరికి మనిషి దగ్గరుండి నేర్పారు. హెడ్‌సెట్‌లో నేర్చుకున్నవాళ్ళకే విషయం ఎక్కువ తెలిసింది, చెయ్యి బాగా తిరిగింది, జాగ్రత్తా ఎక్కువ పాటించారు. మా ప్రాజెక్టు పత్రంలో మొదటి పేజీలోనే ఈ ప్రయోగం గురించి రాశారు. ఆ పేజీలో లేని సంగతి ఒకటుంది. అక్కడ హెడ్‌సెట్ పెట్టుకున్నది విద్యార్థులు కాదు, నిర్మాణ కార్మికులు. మా దగ్గర కార్మికుల మాటే ఎవరూ ఎత్తలేదు. నేనూ అప్పుడు ఎత్తలేదు.

మొదటి వారంలోనే ఆడపిల్లలు తలనొప్పి అన్నారు. ఇద్దరికి వాంతి వచ్చినంత పనయింది. "అమ్మాయిలు సెన్సిటివ్" అని ఒక అధ్యాపకుడు నవ్వాడు. నేను పాత అలవాటుకొద్దీ వెతికి చదివాను. కే స్టానీ, ఆమె సహ పరిశోధకులు 2020లో ప్రచురించిన పత్రం ఒకటి దొరికింది. దాని శీర్షికే వర్చువల్ రియాలిటీ సెక్సిస్టు అంటుంది, అలా ఉండనక్కర్లేదనీ అంటుంది. హెడ్‌సెట్‌లో రెండు కటకాల మధ్య దూరం మన రెండు కనుపాపల మధ్య దూరంతో సరిపోవాలి. ఆడవాళ్ళలో ఈ దూరం సగటున కొంచెం తక్కువ. చాలా హెడ్‌సెట్లు అంత దగ్గరికి జరగవు. కటకాలు కుదరని ఆడవాళ్ళకు తిప్పట ఎక్కువగా ఉండింది, గంట గడిచినా పూర్తిగా తగ్గలేదు. కుదిరినప్పుడు మగవాళ్ళకూ వీళ్ళకూ పెద్ద తేడా లేకపోయింది. ఆ కాగితం తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. చదివారో లేదో తెలియదు. కానీ కటకాలు జరపడమెలాగో ఆ మర్నాడు ల్యాబ్ గోడకి అంటించారు. జడ వేసుకున్న పిల్లలకు వెనక పట్టీ కుదరని సమస్యకు మాత్రం పరిష్కారం దొరకలేదు. జడ ముందుకు వేసుకొమ్మన్నారు.

తలనొప్పుల సంగతి అలా తేలాక నా అసలు ఉద్యోగంలోకి, అంటే కథలు చెప్పడంలోకి దిగాను. రోబో అనే మాట పుట్టింది ఒక నాటకంలోనని పిల్లలకు చెప్పాను. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన 'ఆర్.యు.ఆర్.' అది. ఆ మాట సూచించింది అతని అన్న జోసెఫ్. చెక్ భాషలో 'రోబోటా' అంటే భూస్వామికి కూలి లేకుండా చేసిపెట్టాల్సిన చాకిరీ. తెలంగాణ పిల్లలకు దీన్ని అనువదించడం చాలా తేలిక. వెట్టి. ఆ నాటకంలో రోబోలు తిరగబడి మనుషులందర్నీ చంపేస్తాయి, ఆల్క్విస్ట్ అనే ఒక్కణ్ణి తప్ప. అతను నిర్మాణ విభాగానికి పెద్ద. మనసు బాగోలేనప్పుడు పరంజా ఎక్కి తనే ఇటుకలు పేర్చుకునే మనిషి. తమలాగే చేతులతో పనిచేస్తాడని రోబోలు అతన్ని వదిలేస్తాయి.

"అయితే సివిల్ వాళ్ళం సేఫ్ మేడమ్" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికెళ్ళే బస్సులో ఆలోచిస్తే ఆ నవ్వు కొంచెం చేదుగా మారింది. మా క్లాసులో చేత్తో ఇటుక పట్టినవాళ్ళు ఎంతమంది? నేను పట్టాను.

మాది పాలమూరు. మా అమ్మానాన్నలు గుంపు మేస్త్రీ వెంట హైదరాబాద్ వచ్చి బతికినవాళ్ళు. నాన్న కొన్నాళ్ళకు పార పని నుంచి గోడ పనికి ఎదిగాడు. అమ్మ ముప్పయ్యేళ్ళు తట్ట మోసింది. మేస్త్రీ కావడానికి ఆడమనిషికి దారి లేదు. గోడ కట్టేవాడి చేతికి ఇటుక అందించొచ్చు, మాలు కలపొచ్చు, నీళ్ళు కొట్టొచ్చు. తాపీ మాత్రం పట్టకూడదు. పట్టకూడదని ఎవరూ చెప్పరు, ఎవరూ చేతికివ్వరు, అంతే. 'తెలుగు కథల్లో శ్రామిక స్త్రీ' మీద నాలుగు వందల పేజీల సిద్ధాంత వ్యాసం రాశాను. అందులో భవన నిర్మాణ కూలీల మీద ఒక అధ్యాయం ఉంది. అందులో మా అమ్మ లేదు. ఆమె నాకు 'ఆధారం' అవుతుందని అప్పుడు నాకు తోచలేదు.

హెడ్‌సెట్ లోపలి భవనంలోనూ మా అమ్మలాంటివాళ్ళు లేరన్నది నాకు రెండో నెలలో తట్టింది. చూడండి, నాకే అంత ఆలస్యమైంది. ఇంజనీరు ఉన్నాడు, సేఫ్టీ ఆఫీసరు ఉన్నాడు, హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు మగ కార్మికులు ఉన్నారు. ఆడది నా గొంతు ఒక్కటే. మన దేశంలో ఆడకూలీ లేని నిర్మాణ స్థలం ఎక్కడుందని మీటింగులో అడిగాను. "మంచి పాయింట్ మేడమ్" అన్నారు విభాగాధిపతి. నిజంగానే రాసుకున్నారు.

రెండు వారాల తర్వాత ఆమె వచ్చింది. పేరు 'కూలీ-3'.

బొమ్మల్ని అమ్మే అంగళ్ళుంటాయట ఇంటర్నెట్‌లో. అక్కడ 'నిర్మాణ కార్మికుడు' అని వెతికితే మా కుర్రాడికి దొరికినవన్నీ మగబొమ్మలే. భారతీయ స్త్రీ అని వెతికితే బిందె ఎత్తుకున్న పల్లెటూరి పడుచు దొరికింది. బిందె తీసేసి తట్ట పెట్టాడు. నడక మాత్రం మారలేదు, నీళ్ళకు పోతున్నట్టే ఊగుతూ నడుస్తుంది. హెల్మెట్ లేదు. ఆమె పని ఏమిటంటే, పాఠం ఏడో నిమిషంలో అటూఇటూ చూడకుండా పసుపు గీత దాటి, ఎర్ర గీత దాటి, రోబో చెయ్యి కిందికి నడిచి పోవడం. విద్యార్థి అప్పుడు స్టాప్ నొక్కాలి. తర్వాత తెర మీద ప్రశ్న వస్తుంది: ఇక్కడ జరిగిన తప్పేమిటి? నాలుగు జవాబుల్లో సరైనది, 'శిక్షణ లేని కార్మికురాలు నిషిద్ధ వలయంలోకి ప్రవేశించింది'.

ఆడమనిషి కావాలని అడిగింది నేనే కదా. వచ్చింది, తప్పు చేయడానికి వచ్చింది.

కుర్రాళ్ళు ఆ ఎర్ర గీతకు లక్ష్మణరేఖ అని పేరు పెట్టారు. "సీతమ్మ దాటేసింది, నొక్కరా" అని ఒకరినొకరు హెచ్చరించుకునేవాళ్ళు. సరదా మాటే, వాళ్ళ మనసులో దురుద్దేశం లేదు. గీత గీసినవాడి మీద కాకుండా దాటినదాని మీద నేరం మోపడం మనకు ఎంత పాత అలవాటో ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పాలా? ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. హెడ్‌సెట్ తీసి, కళ్ళ చుట్టూ పడిన గుర్తులు రుద్దుకుంటూ అడిగింది. "ఆమె అటు ఎందుకు పోతుంది మేడమ్?"

కథ రాసిన దాన్ని నేను. నా దగ్గర జవాబు లేదు. ఆమె ఎందుకు పోతుందో నేను రాయలేదు.

అసలు మనుషులు గీత ఎందుకు దాటుతారు? రోబో చేతిలో చనిపోయిన మొదటి మనిషిగా చెప్పే రాబర్ట్ విలియమ్స్ సంగతి మా పాఠంలోనే ఉంది. 1979 జనవరి 25న, అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఒక కార్ల కంపెనీ కర్మాగారంలో. అరల్లోంచి సామాను తీసి ఇవ్వాల్సిన యంత్రం సరిగా పనిచేయడం లేదు. పని ఆగకూడదని అతనే అర ఎక్కాడు. వెనక నుంచి ఇనుప చెయ్యి వచ్చి కొట్టింది. వస్తున్నట్టు హెచ్చరించే చప్పుడేదీ దానికి లేదు. 1983లో జ్యూరీ, రోబోను తయారుచేసిన సంస్థ అతని కుటుంబానికి కోటి డాలర్లు చెల్లించాలంది. మా పాఠంలో ఇది ఒక తేదీ, ఒక బొమ్మ. అతను ఎందుకు ఎక్కాడన్నది, జ్యూరీ ఎవరిది తప్పన్నదీ పాఠంలో లేవు.

ఇక్కడ మా చిన్నమ్మ గురించి చెప్పాలి. రాయడానికి ఇన్నేళ్ళూ చేతులు రాలేదు.

1997. నాకు ఏడేళ్ళు. ఐదంతస్తుల అపార్టుమెంటు, స్లాబు వేసే రోజు. కాంక్రీటు కలిపే యంత్రాన్ని మావాళ్ళు మిల్లరు అంటారు. దాని ముందు పళ్ళెంలాంటి పెద్ద తొట్టి ఉంటుంది. ఆడవాళ్ళు వరసగా కంకర, ఇసుక, సిమెంటు అందులో పోస్తే, అది ఇనుప తాడు మీద పైకి లేచి డ్రమ్ములోకి ఒంపుతుంది. తొట్టి లేచినప్పుడల్లా దాని కింద గుంటలో కంకర ఒలుకుతుంది. ఒలికిన కంకర పోగవుతే తొట్టి సరిగా కిందికి దిగదు, పని ఆగుతుంది, మేస్త్రీ తిడతాడు. అందుకని తొట్టి పైనున్న ఆ కొద్ది క్షణాల్లో కిందికి దూరి పారతో లాగాలి. ఆ రోజు లాగింది మా చిన్నమ్మ. తాడు జారింది. అమ్మ అటు చూసి అరిచింది, మిల్లరు చప్పుడులో వినపడలేదు. నేను పిల్లర్లకు కట్టిన చీర ఉయ్యాలలో తమ్ముణ్ణి ఊపుతున్నాను. నాకు గుర్తున్నది చప్పుడు కాదు, మిల్లరు ఆపేశాక వచ్చిన నిశ్శబ్దం.

మోకాలి కింద కాలు తీసేశారు. కాంట్రాక్టరు మనిషి ఒక కాగితం తెచ్చాడు. తొట్టి కిందికి పోవద్దని ముందే చెప్పామనీ, వినకుండా పోయిందనీ అందులో రాసి ఉందని చాలా ఏళ్ళకు తెలిసింది. చిన్నమ్మ వేలిముద్ర వేసింది. ఆమెతో ఎవరూ పోవద్దని చెప్పలేదు. కంకర తియ్యమనే చెప్పారు. అప్పటికి భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చి ఏడాది. యాభైమందికి మించి ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఉండాలని కూడా ఆ 1996 చట్టంలో రాశారు. నా ఉయ్యాల పిల్లర్లకే ఉండింది.

మనిషితో కలిసి పనిచేసే రోబోల గురించి 2016లో ఒక అంతర్జాతీయ ప్రమాణ పత్రం వచ్చింది. రోబో పొరపాటున తగిలితే ఎంత ఒత్తిడి దాకా పర్వాలేదో ఒంటి మీద 29 చోట్లకు లెక్కగట్టి ఒక పట్టిక ఇచ్చారు. నుదుటికి ఒక అంకె, అరచేతికి ఒక అంకె, మోకాటికి ఒక అంకె, పిక్కకి ఒక అంకె. ఆ పట్టికను తెలుగు చేసింది నేనే. అంత శ్రద్ధగా మనిషి ఒంటిని లెక్కించడం చూసి నాకు కోపం రాలేదు, నిజం చెప్పాలంటే అసూయ కలిగింది. మిల్లరు కాలంలో మా వాళ్ళ ఒంటి మీద ఒక్క చోటుకైనా అంకె లేదు.

దసరా సెలవుల్లో అమ్మను ల్యాబుకి తీసుకెళ్ళాను. అనుమతి అడగలేదు. తాళంచెవులు రికార్డింగు కుర్రాడి దగ్గరుంటాయి, అతను ఒప్పుకున్నాడు. అమ్మకు మోకాళ్ళు పోయాయి, కుర్చీలో కూర్చోమంటే వినలేదు, నిలబడే చూస్తానంది. కొప్పు విప్పి హెడ్‌సెట్ తగిలించాను. ఆమె చేతులు ముందుకు చాపి గాలిని తడిమింది. భుజం పట్టుకుని నిలబడ్డాను. అమ్మ చూస్తున్నదే మాకు తెర మీద కనిపిస్తోంది.

"ఇంత పెద్ద బిల్డింగు, మనుషులేరి బిడ్డా?" అంది ముందు. కాసేపటికి రోబోను చూసింది. "ఇగ ఇదేనా మేస్త్రి? మంచిగనే పెడ్తుంది. మరి దీనికి ఇటుకలు ఎవరందిస్తుండ్రు?"

ఆ ఇటుకలు ఎక్కడి నుంచి వస్తాయో మేమెవరం ఆలోచించలేదు. పేరుస్తున్న కొద్దీ రోబో పక్కన కట్ట మళ్ళీ నిండుతూ ఉంటుంది, అక్షయపాత్రలా. అమెరికాలో తయారైన శామ్ అనే ఇటుక రోబో గురించి చదివాను. గోడ పేర్చేది అదే, కానీ దానికి ఇటుకలూ సున్నమూ అందించడానికీ, సందులు నున్నగా గీయడానికీ మనుషులుండాల్సిందే. అంటే రోబో వచ్చి తీసుకున్నది తాపీ పట్టినవాడి చోటు. అందించే మనిషి చోటు అలాగే ఉంది. 2023లో సిద్దిపేట దగ్గర బూరుగుపల్లిలో రోబో చేత్తో పొరలు పొరలుగా గుడి పోయించారు. మా పిల్లలు ఎంతో గర్వంగా చెప్పుకునే ఉదాహరణ అది. వినాయకుడి గుడి మోదకం ఆకారంలో, పార్వతి గుడి తామరపువ్వు ఆకారంలో ఉంటాయి. నేనూ వెళ్ళి చూశాను, అందంగా ఉంది. అయినా అమ్మ అడిగిన ప్రశ్న నాకు అక్కడ తోచలేదు.

ఏడో నిమిషంలో కూలీ-3 వచ్చింది.

"తట్ట గట్ల వట్టుకుంటే నడుము పోదా? నెత్తి మీద కుదురేది?" అని అమ్మ గొణిగింది. హెల్మెట్ కూడా లేదు కదమ్మా అన్నాను. "నెత్తికి టోపి వెడితే తట్ట ఏడ వెట్టుకోవాలె?" అంది. మా తనిఖీ జాబితాలో హెల్మెట్‌కు ఐదు మార్కులు.

ఆమె ఎర్ర గీత దాటగానే నా గొంతు వినిపించింది. ఆగండి. మీరు ప్రమాద వలయంలోకి వచ్చారు. స్టాప్ ఎక్కడుందో అమ్మకు ముందే చూపించాను, చేతిలోని మీట ఎలా నొక్కాలో రెండుసార్లు చెప్పాను. అమ్మ అది నొక్కలేదు. రెండు చేతులూ చాపి, "ఓ అక్కా, ఎనుకకు రా!" అని అరిచి, గబగబా రెండడుగులు వేసి తనే ఎర్ర గీత దాటింది, ఆమెను లాగడానికి. కుర్చీ తగిలి పడబోతే పట్టుకున్నాను. కళ్ళ ముందు ఎర్రబారి ఉంటుంది. తెర మీద ఫలితం వచ్చింది, సున్నా. 'మీరు కూడా వలయంలోకి ప్రవేశించారు.'

హెడ్‌సెట్ తీశాక మంచినీళ్ళు తాగి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "మాట్లాడింది నువ్వే గదా? ఆగండి అంటే ఆమెకెట్ల తెలుస్తది బిడ్డా? మమ్ముల్ని ఎవరన్నా 'అండి' అన్నరా ఎన్నడన్నా? ఎవరో సార్లను అంటుండ్రనుకొని నేనైతే ఎనుకకు గూడ సూడ."

నేను వారం రోజులు కూర్చుని రాసిన మర్యాద. ఆ మర్యాద వల్లే ఆమె వినదు.

తర్వాత ఆమె ఇంకోటి అడిగింది. "గా ఆపేది మిల్లరుకు గూడ ఉండెనా?"

ఉండేది, ఆపరేటర్ దగ్గర ఉండేది అన్నాను. తాడు మీదున్న తొట్టిని జారకుండా పట్టే కొక్కెం కూడా ఉండాలి, కింద ఎవరైనా దూరేముందు అది వెయ్యాలి అన్నాను. ఈ సంగతి నేను తెలుసుకున్నది ఈ ప్రాజెక్టు కోసం చదువుతున్నప్పుడే. అమ్మ ముప్పయ్యేళ్ళు ఆ యంత్రం పక్కన పనిచేసింది. దాన్ని ఆపే పిడి ఏదో ఆమెకు ఎవరూ చూపించలేదు. చీర చెంగుతో ముఖం తుడుచుకుని, "సరే తీయ్" అంది.

సెలవులయ్యాక సన్నివేశం తిరగ రాశాను. కూలీ-3 గీత దాటేది తాగే నీళ్ళ డ్రమ్ము అవతల ఉన్నందుకు. ఆ డ్రమ్ము అక్కడ పెట్టించింది సైటు ఇంజనీరు, అంటే రేపు మా విద్యార్థి. ప్రశ్న కూడా మార్చాను. తప్పు ఎవరిదని కాదు, రోబో దిగే ముందు ఈ స్థలంలో మీరేం జరుపుతారని. ఇటుకలందించే ఆడవాళ్ళనూ, పిల్లర్ల మధ్య ఒక ఉయ్యాలనూ రాశాను. ఇంకో మాట కూడా చివర చేర్చాను, ఈ హెడ్‌సెట్లను నెలకొకసారి లేబర్ అడ్డాకు తీసుకెళ్దామని.

"ఇది రోబో సేఫ్టీ మేడమ్, సైట్ ప్లానింగ్ వేరే సబ్జెక్టు" అన్నారు విభాగాధిపతి. నా కాంట్రాక్టు గడువు ఎప్పుడో గుర్తున్నా ఆ రోజు వాదించాను. గొంతు పెరిగిందని తర్వాత ఎవరో చెప్పారు. చివరికి డ్రమ్ము ప్రశ్న ఉంచారు, మార్కులు లేని ప్రశ్నగా. ఉయ్యాల తీసేశారు, పిల్లల్ని చూపిస్తే కాలేజీకి చెడ్డపేరట. ఇటుకలందించే ఆడవాళ్ళు మాత్రం తేలిగ్గా వచ్చేశారు, కూలీ-3నే మళ్ళీ రెండుసార్లు అతికించారు. ముగ్గురికీ ఒకటే ముఖం, ఒకటే ఊగే నడక. అడ్డా సంగతి 'పరిశీలిద్దాం' దగ్గర ఉంది. కాంట్రాక్టు ఈసారి కూడా పొడిగించారు. అది ధైర్యానికి వచ్చిందో, ఆ గొంతు ఇంకెవరూ ఉచితంగా ఇవ్వనందుకు వచ్చిందో నాకు తెలుసు.

గొంతు విషయం ఒక్కటి నేను వదల్లేదు. హెచ్చరిక రెండు రకాలుగా ఉండాలని పట్టుబట్టాను. ఒకటి పాతదే. రెండోదానికి ఒక ఆదివారం మళ్ళీ కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాన్ ఆపి, మైకు ముందు అమ్మను నిలబెట్టాం. ఏం చదవాలో రాసిచ్చే పని లేదు.

"ఓ అక్కా, ఎనుకకు రా!"

కుర్రాడు ఉలిక్కిపడి చెవుల మీది ఫోన్లు లాగేశాడు. తెర మీద పచ్చగా కదలాల్సిన గీత ఎర్రగా పైకి లేచి అక్కడే నిలిచిపోయింది. "అమ్మా, చాలా గట్టిగా ఉంది, మైకు తట్టుకోవట్లేదు. కొంచెం మెల్లగా అనండమ్మా" అన్నాడు.

అమ్మ నా వైపు చూసింది. "మెల్లగంటే మిల్లరు సప్పుడుల ఇనబడదు గద బిడ్డా."